ఖన్నా గారి ఆప్షన్

ఎనభైల నడుమ నన్ను ఢిల్లీలో ఒక ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ప్రధాన కార్యాలయానికి డిప్యూటీ మేనేజరుగా వేశారు. చేరిన కొద్ది రోజులకే ఒక కమిటీకి కార్యదర్శిని చేశారు. సంస్థలో ఒక విభాగం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసేది, రెండోది కంప్యూటర్లు. వాటిని రెండు కంపెనీలుగా విడదీయాలా వద్దా అన్నది కమిటీ తేల్చాలి. కార్యదర్శికి ఓటు ఉండదు. సాక్ష్యాలు రాసుకోవడం, నివేదిక ముసాయిదా తయారుచేయడం అతని పని.

టెలిఫోన్ల జనరల్ మేనేజరు కాకినాడవారైన సుబ్రహ్మణ్యం గారు. కంప్యూటర్లకు ఖన్నా గారు. డెబ్బైలలో ఓఖ్లాలోని రేకుల షెడ్డులో ఒకే బల్ల దగ్గర పనిచేసి పైకొచ్చినవాళ్ళు. సుబ్రహ్మణ్యం గారి క్యారియరులో ఖన్నా గారికి సగం వాటా ఉండేది; గోంగూర పచ్చడి వచ్చిన రోజు ఇంకా ఎక్కువే. కమిటీ వేశాక ఇద్దరూ విడివిడిగా తినసాగారు. కమిటీ ముందు సాక్ష్యం అయ్యేదాకా విభజన సంగతి మాట్లాడుకోకూడదని వాళ్ళకు వాళ్ళే పెట్టుకున్న నియమం అది.

పాత తరహా ఎక్స్ఛేంజీలకు ఆర్డర్లు పడిపోయి టెలిఫోన్ విభాగం నష్టాల్లో ఉంది. కంప్యూటర్ల లాభంతోనే అది నడుస్తోంది. కనుక సుబ్రహ్మణ్యం గారు కలిపే ఉంచమంటారనీ, ఖన్నా గారు విడదీయమంటారనీ అందరం అనుకున్నాం.

ముందు సుబ్రహ్మణ్యం గారిని పిలిచారు.

"విడదీయండి. మా నష్టం మోస్తూ ఉంటే ఖన్నా తయారుచేస్తున్న కొత్త కంప్యూటర్ ఎప్పటికీ బయటికి రాదు" అన్నారు.

మరి మీ వాళ్ళ సంగతేమిటని కమిటీ అధ్యక్షుడు అడిగితే, "మా తిప్పలేవో మేం పడతాం" అన్నారు.

మధ్యాహ్నం వచ్చిన ఖన్నా గారు విడదీయొద్దన్నారు. రాబోయే ఎక్స్ఛేంజి లోపల ఉండేది కంప్యూటరేననీ, దాన్ని రెండు కంపెనీలు చెరో సగం చేయలేవనీ వాదించారు.

కమిటీ విడదీయమనే సిఫారసు చేసింది. పైవాళ్ళు ఒప్పుకున్నారు. అప్పుడు ప్రతి ఉద్యోగీ తాను ఏ కంపెనీకి వెళ్తాడో రాసివ్వాలి. దాన్ని ఆప్షన్ అంటారు; ఆ కాగితాలు తీసుకునే పనీ నాకే పడింది. ఇచ్చాక మార్చుకోవడం ఉండదు. కంప్యూటర్ కంపెనీలో ఖన్నా గారికి డైరెక్టరు పదవి ఖాయమని అందరికీ తెలుసు. ఆయన టెలిఫోన్ కంపెనీ కోరుకున్నారు, అదీ సుబ్రహ్మణ్యం గారి కింద.

ఆప్షన్ ఇవ్వడానికి ఆయన నా గదిలో ఉండగానే, సంగతి తెలిసి సుబ్రహ్మణ్యం గారు వచ్చారు.

"నీకు మేలు జరగాలని విడదీయమంటే, నువ్వు చేసే పని ఇదా?" అన్నారు హిందీలో.

"మరి మీ ఎక్స్ఛేంజిలో కంప్యూటర్ ఎవరు పెడతారు, భాయ్ సాబ్?" అన్నారు ఖన్నా గారు.

సుబ్రహ్మణ్యం గారు కుర్చీలో కూలబడి, నా కోసం తెచ్చిపెట్టిన చాయ్ తీసుకుని మొత్తం తాగేశారు. తర్వాత, "అచ్ఛా, చలో. పని చూద్దాం" అని లేచారు. ఖన్నా గారి భుజం మీద చెయ్యి వేసుకునే బయటికి వెళ్ళారు.

కొన్నేళ్ళకు వాళ్ళ చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి ఘజియాబాద్ అవతల ఒక ఊళ్ళో పనిచేయడం మొదలుపెట్టింది. కంపెనీకి పెద్ద లాభాలు రాలేదు, మూతా పడలేదు. ఖన్నా గారు డైరెక్టరు కాకుండానే రిటైరయ్యారు.

సంస్థను విడదీసేటప్పుడు భవనాలూ యంత్రాలూ అప్పులూ ఎవరికి ఎంతో తేల్చే నియమాలున్నాయి. కలిసి పనిచేయడం అలవాటైన మనుషుల గురించి ఏ నియమమూ లేదు. తర్వాత నేను పనిచేసిన ఇలాంటి కమిటీలన్నిటిలోనూ, ఎవరు ఎవరితో కలిసి పనిచేస్తున్నారో ముందు అడిగాను; మిగతా లెక్కలు ఆ తర్వాతే తీయించాను.