ఆకాశానికి దొరికిపోయిన బల్బుల పెద్దమ్మ

బల్బుల పెద్దమ్మకు ఎక్కడైనా చీకటి కనబడితే, అక్కడో దీపం పెట్టేదాకా అన్నం సహించదు. నలభై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా నిచ్చెనలెక్కిన మనిషి. కుక్క గూట్లో బల్బు, బీరువాలో బల్బు. ఫ్రిజ్ తలుపు మూస్తే లోపల దీపం ఆరిపోతుందని తెలిసి, ఆరకుండా తీగ మార్చేసింది. బల్బు వేడికి పాలు విరిగిపోతున్నాయని పెదనాన్న మొత్తుకుంటే, "విరిగితే విరిగాయి. చీకట్లో అయితే లేవుగా" అంది. ఆమె వస్తోందంటే చుట్టాలు ముందే మెట్ల కింద బల్బు పెట్టించుకునేవారు.

ఆమె చెల్లెలి కూతురు ఉపగ్రహం ఫొటోలు చూసే ఆఫీసులో ఉద్యోగి. రాత్రిళ్లు అంతరిక్షం నుంచి నగరం ఎక్కడెక్కడ వెలుగుతోందో గుర్తించడం ఆమె పని. ఒక ఉదయం పెద్ద సారు తెర ముందు అలాగే నిలబడిపోయారు.

"ఊరు ఇక్కడితో అయిపోవాలి కదమ్మా. ఈ తోకేంటి?"

నిప్పులు కుప్పపోసినట్టున్న నగరం అంచు నుంచి, ఖాళీ నేల మీదుగా రెండు కిలోమీటర్ల సన్నటి వెలుగు గీత. పోయిన నెల అక్కడంతా చిమ్మచీకటే. రోడ్ల వాళ్లు మేం వెయ్యలేదన్నారు. కరెంటు వాళ్లు అక్కడ మా తీగే లేదన్నారు. అమ్మాయికి మాత్రం అర్థమైపోయింది. ఈ పని చెయ్యగల మనిషి భూమ్మీద ఒక్కరే.

సాయంత్రం ఇద్దరూ జీపులో వెళ్లారు. ఊరి చివరి మిల్లు గేటు నుంచి కూలీల ఇళ్లదాకా వరసగా కర్రలు పాతి ఉన్నాయి. కర్రకో సోలార్ దీపం, అన్నీ పాత సామాన్ల కొట్లో ఏరి బాగుచేసినవి. చివరి కర్ర దగ్గర, నిచ్చెన మీద పెద్దమ్మ.

"ఏంటిది పెద్దమ్మా?"

"రెండో షిఫ్టు దిగి ఆడపిల్లలు ఇటే నడిచొస్తారే. ఒకమ్మాయి గోతిలో పడి కాలు విరగ్గొట్టుకుంది. మిల్లు వాళ్లని దీపాలడిగితే అర్జీ పెట్టుకోమన్నారు. అర్జీ వెలుగుతుందా?"

సారు నిచ్చెన దగ్గరికొచ్చారు. "అమ్మా, ఇది అంతరిక్షంలోంచి కనబడుతోంది, తెలుసా?"

పెద్దమ్మ నిచ్చెన మీంచే తలెత్తింది. కాసేపు ఆకాశంలోకి, కాసేపు సారు మొహంలోకి చూసింది.

"అంత పైనుంచా? అయితే మధ్యలో ఎక్కడైనా తెగినట్టుందా నాయనా?"

సారు ఫొటో విప్పారు. "ఇదిగో, మలుపులో ఒకచోట నల్లగా ఉంది."

"అయ్యో, అది ఆరిందని నాకు తెలియనే లేదు." గబగబా దిగి, నిచ్చెన ఒక కొస ఆయన చేతిలో పెట్టింది. "పట్టుకో. వారం వారం ఇలాంటి ఫొటో ఒకటి పంపిస్తూ ఉండు బాబూ. నాకు ఇంత దూరం తిరిగి చూసుకునే పని తప్పుతుంది."

మరుసటి వారం నుంచి ప్రతి సోమవారం పెద్దమ్మకు అంతరిక్షం నుంచి ఫొటో వస్తోంది. ఆరిన దీపం చుట్టూ ఎర్ర సున్నా చుట్టేది పెద్ద సారే.