చేతులు ఒళ్లో పెట్టుకున్న సాయంత్రం

పోయిన ఆదివారం భవానీపూర్‌లో మన తెలుగువాళ్ల ఇంట గృహప్రవేశానికి వెళ్తే, హైదరాబాదు నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడొకడు, నేను జీవితమంతా పియానో నేర్పిన మనిషినని ఎవరి దగ్గరో విని, విస్తరి ముందు నుంచి లేచి మరీ నా పక్కన చేరాడు. ఒంటి పియానో అంటే ఇష్టమా, ఆర్కెస్ట్రాతో కలిసి మోగే పియానో అంటే ఇష్టమా అని, ఇడ్లీయా దోసెయా అన్నంత తేలిగ్గా అడిగేశాడు. ఒంటి పియానోయే బాబూ అన్నాను. ఓహో అని తల ఊపి పాయసం గిన్నె వైపు వెళ్లిపోయాడు. మెట్రోలో ఇంటికొస్తుంటే మాత్రం మనసు ఊరుకోలేదు. చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాను. నాకు ఇష్టమైనది మొదటిదే, ఈ క్షణానికీ అదే. నన్ను మనిషిని చేసి, నా కూడు నాకు సంపాదించిపెట్టింది మాత్రం రెండోది. అదంతా చెబుతూ కూర్చుంటే పాపం ఆ అబ్బాయి పాయసం చల్లారిపోయేది. మీరు నా ఈడువాళ్లు, మీకు ఓపికుంటుంది, వినండి.

మా నాన్న టెక్కలి పక్కనుంచి వయసులో ఉండగానే ఈ బెంగాలీల ఊరొచ్చి, గార్డెన్ రీచ్‌లో ఓడల రేవు దగ్గర బరువులెత్తే ముఠాలో చేరి, నేను పుట్టేనాటికి ఆ ముఠాకి సర్దార్ అయ్యాడు. మాది ఒకటే గది. ఆ గదిలో నాన్న, అమ్మ, నాయనమ్మ, మేము నలుగురు పిల్లలం, ఊరి నుంచి పని కోసం వచ్చి దొరికేదాకా ఉండిపోయే చుట్టాలు. మాట్లాడితే పదిమందీ వినాల్సిందే, ఏడిస్తే పదిమందీ ఓదార్చాల్సిందే. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల బడి హాల్లో మూలనున్న నల్ల పియానో ముందు మొదటిసారి కూర్చుని, తాను నొక్కితేనే మోగి, ఎత్తితే ఊరుకునే ఆ శబ్దాన్ని విన్నదంటే ఎంత పొంగిపోయి ఉంటుందో మీరే ఊహించుకోండి. పక్కనుంచి ఎవరూ మాట కలపరు. ఇటు జరగవే అని ఎవరూ తొయ్యరు. ఒంటి పియానో మీద నా ప్రేమకి కారణం ఇంతే, సంగీత శాస్త్రం ఏమీ లేదు.

నాకు నేర్పినావిడ మా మిషన్ బడిలో సంగీతం చెప్పే ముసలి ఆంగ్లో ఇండియన్ మిస్. బడి అయ్యాక పిల్లలంతా వెళ్లిపోతే నన్ను కూర్చోబెట్టుకుని, కరెంటు పోతే కొవ్వొత్తి పియానో మీద నిలబెట్టి మరీ నేర్పింది. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన తొలిరోజుల్లో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ లోడ్ షెడ్డింగ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. నా కాలేజీ చదువు పూర్తయ్యేసరికి ఆవిడకి చేతివేళ్లు వంకర్లు పోయి, ఇక చాలించుకుంటానని, తన చోటు నాకిమ్మని బడి పెద్ద సిస్టర్‌ని అడిగింది. సిస్టర్ మంచిదే కానీ, రేవు కూలీ కూతురికి పియానో క్లాసు అప్పగిస్తే కమిటీవాళ్లు ఒప్పుకోరని భయపడింది. చివరికి ఒక మాటకి వచ్చారు. ఊళ్లో ఔత్సాహికులంతా కలిసి నడుపుకునే ఒక ఆర్కెస్ట్రా ఏటా కచేరీలో ఒక విద్యార్థి చేత తమతో కలిసి పియానో వాయింపిస్తుంది. అందులో నేను వాయించి మెప్పిస్తే ఉద్యోగం నాది. లేదంటే లేదు.

లేదంటే ఏమవుతుందో మా అమ్మ అప్పటికే తేల్చేసింది. ఉద్యోగం రాకపోతే నన్ను టెక్కలి దగ్గర మేనమామ ఇంటికి పంపేసి, ఆ ఏడే అక్కడే సంబంధం చూసి పెళ్లి చేసేస్తారు. మామయ్య బంగారం లాంటి మనిషి, ఆయన్నేమీ అనను. కానీ ఆ చుట్టుపక్కల నేను ఎంత దూరం నడిచినా పియానో ఉండదు. నాకు భయమంతా అదే.

వాయించాల్సిన పాఠం నాకు కంఠతా వచ్చేసింది. వచ్చిన చిక్కల్లా ఆదివారాల్లో ఆర్కెస్ట్రాతో కలిసి చేసే సాధనలోనే. మొదట చాలాసేపు వాళ్లే వాయిస్తారు, నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. మధ్యలో కూడా నాకు ఎన్నోచోట్ల అలా ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ నా వల్ల కాలేదు. మా ఇంట్లో ఒకరు బిందె ఎత్తుతుంటే ఇంకొకరు లేచి చెయ్యి వెయ్యాలి, ఒకరు బియ్యం ఏరుతుంటే రెండోవాళ్లు చేట అందుకోవాలి. ఒకలు కట్టపడతంటే ఇంకొకలు సేతులు ముడుసుకు కూకుంటారేటే అని అమ్మ చీపురు తిరగేసిన రోజులున్నాయి. నలభై మంది దాకా పెద్దమనుషులు నా ముందు చెమటోడ్చి వాయిస్తుంటే నేను మహారాణిలా ఎలా కూర్చోను? నాకు తెలియకుండానే నా వేళ్లు వెళ్లి వాళ్ల పాటలో సాయం పట్టేవి. మెల్లగానే పట్టేవి సుమా, దొంగతనంగా.

ఆర్కెస్ట్రాని నడిపించే బెంగాలీ పెద్దాయన, అందరూ దాదా అని పిలిచే ఆయన, మొదట్లో నవ్వి ఊరుకున్నాడు. తర్వాత తాళం చూపించే పుల్ల ఆపి నా వైపు చూశాడు. మూడో ఆదివారం పుల్ల బల్లమీద పెట్టేసి, నువ్వు మమ్మల్ని వినడం లేదమ్మా, వచ్చే వారం కూడా ఇలాగే చేస్తే బాలీగంజ్ నుంచి ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందని శాంతంగా చెప్పాడు. తిట్టినా బాగుండేది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, ఇంటికొచ్చి మళ్లీ ఏడ్చాను.

నాన్న అప్పుడే పని నుంచి వచ్చి పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. ఏటైందని అడిగాడు. వెక్కుతూ అంతా చెప్పాను. ఆయన సంగీతం గురించి ఒక్క ముక్క అడగలేదు. నేను చెప్పడం అయిపోయేదాకా ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు.

"ఓలమ్మీ, నాను సర్దార్నే కదే. తాడు మీద నా సెయ్యి ఎప్పుడైనా సూసినావా? ఆలు లాగీటప్పుడు నానూ లాగితే, బరువెటు ఒరుగుతందో సూసీవోడెవుడు? నువ్వు సెయ్యి తీసీయి. తీసి ఆలని సూడు."

నిజం చెప్పొద్దూ, చిన్నప్పుడు బడికి పోతూ రేవు గోడ సందులోంచి చూసినప్పుడల్లా, ముఠా అంతా ఇనప పెట్టె లాగుతుంటే నాన్న ఒక్కడే దూరంగా నిలబడి పాట అందుకుంటుంటే, మా నాన్న ఎంత తెలివిగా పని ఎగ్గొడుతున్నాడో అని మురిసిపోయేదాన్ని. ఆయన ఒక ముక్క పాడి ఆగేవాడు, వాళ్లు బదులు పాడుతూ లాగేవాళ్లు, ఆ లాగుతున్నంతసేపూ ఆయన కళ్లు బరువు మీదే ఉండేవి. ఇన్నేళ్లు చూసి కూడా నా బుర్రకెక్కలేదంటే ఏమనాలి నన్ను!

తర్వాతి ఆదివారం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు వినపడింది ఆర్కెస్ట్రా. అన్ని వారాలు వాళ్ల మధ్యనే ఉండి ఒక్కసారీ వినలేదు నేను. పెద్ద వయొలిన్లు ఎక్కడ బరువు ఎత్తుకుంటున్నాయో, పిల్లనగ్రోవి ఎవరికి అందిస్తోందో, అది తిరిగి తిరిగి నా దగ్గరికే ఎలా వస్తోందో తెలిసిపోయింది. నా వంతు రాగానే వేళ్లు వాటంతట అవే దిగాయి. పాఠం పూర్తయ్యాక దాదా బాలీగంజ్ అమ్మాయి మాట మళ్లీ ఎత్తలేదు.

కచేరీ రోజున మా ముఠా సగం వచ్చింది. ఉతికిన చొక్కాలు, నూనె రాసి దువ్విన తలలు, చివరి వరసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. అమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టింది. ఆర్కెస్ట్రా మొదలైంది, నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఎంతసేపటికీ నేను కదలకపోయేసరికి అమ్మ ఉండబట్టలేకపోయిందట. అంతమంది పనిచేస్తుంటే మన గుంట ఊరికే కూకుందేటి, పరువు తీసీసిందని నాన్న మోచేయి పట్టి లాగిందట. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారట. నాన్న ఆమె చెయ్యి తన చేతిలో పెట్టుకుని, ఉండు, సూస్తంది అన్నాడట.

చివరికొచ్చేసరికి ఆ పాఠంలో ఒక చోటుంది. అక్కడ ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది, పియానో ఒక్కటే మోగుతుంది. అదిగో, నా ఒంటి పియానో! నేను ఏ గదిలోనూ ఎరగని నిశ్శబ్దం ఆ హాలంతా పరుచుకుంది. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకున్నది వాళ్లు. డాక్టర్లు, ప్లీడర్లు, ప్రొఫెసర్లు, అంతా నా వైపే చూస్తూ, మళ్లీ ఎప్పుడు అందుకోవాలో నా వేళ్లని బట్టి తెలుసుకోవడానికి ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దాదా పుల్ల గాల్లో నిలిపి నా కళ్లలోకి చూశాడు. తొందరేముంది, నా ఇష్టం వచ్చినంతసేపు వాయించాను. అప్పుడు తల ఊపాను. వయొలిన్ల కమానులన్నీ ఒక్కసారి లేచాయి. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటున్నారా, అనుకోండి, ఆ మాత్రం గొప్ప నాకు చెల్లుతుంది.

చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు గుర్తులేదు. పెద్ద సిస్టర్ జనాన్ని తప్పించుకుంటూ వెనక వరసదాకా నడిచి వెళ్లి, మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని, మీ అమ్మాయిని మా బడికి ఇచ్చేయండి అంది. అమ్మకి బెంగాలీ బాగానే వచ్చు, కానీ ఆ క్షణాన మన మాటలోనే, తీసుకుపొండమ్మా అంది. ముసలి మిస్ మాత్రం కుర్చీలోంచి లేవకుండా నన్ను దగ్గరికి పిలిచి, తన వంకర వేళ్లతో నా చెంప తట్టింది. సోమవారం పొద్దున్నే ఆవిడ కూర్చునే స్టూలు మీద నేను కూర్చున్నాను, తల నెరిసేదాకా లేవలేదు.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఇంటికొక పియానో, దానికొక గది, ఆ గదికొక తలుపు ఉన్నాయి. ఆర్కెస్ట్రాతో వాయించాలంటే ఫోనులో రికార్డు పెట్టుకుని చక్కగా వాయిస్తారు, నాకన్నా తప్పుల్లేకుండా వాయిస్తారు. ఆ రికార్డు వాళ్ల కోసం ఒక్క క్షణం కూడా ఆగదు. రేవులోనూ అంతే, ఇనప పెట్టెలు క్రేన్లకి వేలాడి గాల్లో తేలుతూ ఓడలెక్కిపోతున్నాయి, నాన్నలాంటి గొంతు ఎవరికీ అవసరం లేదు. మంచిదే, ఎవరి నడుమూ విరగడం లేదు. అయినా పాఠం చివర్లో ఆ ఒంటి పియానో చోటికి పిల్లలు వచ్చినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. వేళ్లు బ్రహ్మాండంగా పరుగెడుతుంటాయి, చివర తల ఎత్తి చూస్తే ఎదురుగా గోడ ఉంటుంది. వీళ్ల కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూసే మనుషుల్ని నేను ఎక్కడి నుంచి తేను?