ఏటికి ఎగువన ఇచ్చిన బిడ్డ

"నీళ్ళు లేవని ఎవురన్నారప్పా? ఉండాయి. ఈ ఇసక కిందనే పోతా ఉండాయి" అన్నాడు ఓబయ్య, పార పక్కన పడేసి ఏటి నడుమ కూలబడుతూ.

గాజులమ్మే మునికృష్ణ భుజాన ఉన్న గాజుల మలారం దించి, తానూ చతికిలబడ్డాడు. "ఇంతకీ ఇది పుట్టేది యాడ మామా?"

"పడమటి కొండల్లో. వాన పడితే వంకలన్నీ కలిసి ఏరై దిగుతాది. ఎగవపల్లెను సుట్టుకోని, మన మిట్ట కాడ వంకర తిరిగి, చిత్తూరు దావ పడతాది. పైన పారేది నాలుగునాళ్ళే. మిగిలిన కాలమంతా దొంగ మాదిరి కిందనే."

ఆ దొంగను పట్టుకోవడమే ఓబయ్య బతుకు. ఎండలు ముదరగానే ఇంటికొక మనిషి పారా తట్టా తీసుకుని ఏట్లోకి దిగేవాడు. నడుములోతున ఇసుక తవ్వి ఊటకాలువ తీస్తే, ఊరిన నీళ్ళు చేలకు మళ్ళేవి. గాలికి ఇసుక జారి కాలువ పూడేది. మళ్ళీ తవ్వేవారు. యుద్ధంనాడు వయసువాళ్ళు కూలికి ఊళ్ళు పట్టిపోయాక ఇళ్ళయితే మిగిలాయి గాని, ఇంటికొక మనిషి రావడం ఆగిపోయింది. ఓబయ్య ఒక్కడే ఇంకా దిగుతున్నాడు.

దానికి తోడు ఎగువపల్లెవాళ్ళు ఏటికి అడ్డంగా ఇసుకకట్ట వేసి, ఊటంతా తమవైపే తిప్పుకునేవాళ్ళు. వాళ్ళతో వియ్యమందితే నీళ్ళు దిగుతాయని ఓబయ్య తన ఒక్కగానొక్క కూతురు నాగులమ్మను ఆ ఊరికే ఇచ్చాడు. "కట్టదేముంది బావా, ఒక తన్ను తంతే పోతాది" అన్నాడు వియ్యంకుడు పెండ్లి పందిట్లో. ఏండ్లు గడిచాయి. ఎవరూ తన్నలేదు.

"మొన్న కాలవలో నీళ్ళొచ్చినాయంట గదా మామా?"

ఓబయ్య కాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"వచ్చినాయి. తెల్లారేతలికి రాగిచేను తడిసుండాది. ఎర్రోణ్ణి, దేవుడు తలిచినాడనుకుంటి. గుడ్డలుతికేదానికి పోయి మా పాప కట్ట తెంచేసిందంట. వాళ్ళత్త నలుగుర్లో నిలబెట్టి అడిగిందంట, ఏరేమన్నా నీ సారెనా, మూటగట్టి మీ నాయనకు పంపేదానికి, అని."

"ఇప్పుడు చేనెట్లుండాది?"

"ఎన్ను తీస్తా ఉండాది. ఇంకొక్క తడి పడితే మాకు ఏడాదికి సంగటి. పడకపోతే గొడ్లకు మేత, మాకు కంట్రోలు అంగట్లో కొలిచిచ్చే గింజలు."

"నేను పోయేది ఆ ఊరికే. నాగులమ్మకు చెప్పమంటావా?"

ఓబయ్య ఎగువకు చూశాడు. కనుచూపుమేరా తెల్లటి ఇసుకే.

"చెప్పు. గాజులు తొడిగేటప్పుడు దగ్గిరికొచ్చి కూసుంటాది గదా, అప్పుడు మెల్లంగా చెప్పు. రాగులు కోసేసినారు, నీళ్ళతో పని లేదు, కట్ట జోలికి పోవద్దన్నాడు మీ నాయన, అని."

"రైతుబిడ్డ మామా. చేను పండకముందే, ఇంత బిన్నా కోసినారంటే నమ్ముతాదా?"

"నమ్మదు. అందుకే నీకు చెప్తా ఉండేది. నువ్వు కండ్లారా చూసొచ్చినట్టు చెప్పల్ల. పో నాయనా, పొద్దెక్కతా ఉండాది."