కొలత తప్పిన ఫ్రేములో నీరెండ

ఆ వీధిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పాలవాడి దగ్గర్నుంచి కరెంటు బిల్లు కొట్టే అతని దాకా అందరికీ ఆవిడ బొమ్మలక్కే. భర్తకి బజార్లో ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపుంది. లోకంలో ఎవరైనా ముందు బొమ్మ వేసి, ఆ తర్వాత ఫ్రేము కట్టిస్తారు. వీళ్ళింట్లో వ్యవహారం తలకిందులు. ఇక్కడ ముందు ఫ్రేము వస్తుంది, తర్వాత దానికి సరిపడా బొమ్మ పుడుతుంది.

ఎంత చెయ్యి తిరిగిన పనివాడైనా అప్పుడప్పుడూ కొలత తప్పుతాడు కదా. చెక్క బద్ద అంగుళం పొట్టిగా తెగుతుంది. లేదా ఫొటో ఇచ్చిన పెద్దమనిషి అడ్డాన్ని నిలువనీ నిలువుని అడ్డమనీ చెప్పి చక్కా పోతాడు. అలా ఎవరికీ కాకుండా పోయిన ఫ్రేములు సాయంత్రం షాపాయన చంకనెక్కి ఇంటికొస్తాయి. పెళ్ళయిన కొత్తలో అలాంటి ఒక ఫ్రేము గోడకి బోసిగా వేలాడుతుంటే చూడలేక, ఆవిడ దాంట్లో ఒక అట్ట బిగించి, నాలుగు అక్రిలిక్ రంగుల ట్యూబులు కొనుక్కొచ్చి, మేడ మీంచి కనిపించే కాలువ గట్టు వేసింది. ఎక్కడా నేర్చుకోలేదు. చిన్నప్పుడు బొగ్గుతో గోడలు పాడుచేసి తన్నులు తినడం తప్ప ఆ విద్యలో ఆవిడకి వేరే గురువెవరూ లేరు.

అక్కణ్ణుంచి ఫ్రేము ఎలా చెబితే బొమ్మ అలా నడిచింది. సన్నగా పొడుగ్గా ఉన్నవాటిలోకి రైలు పట్టాలూ వాటి పక్కన ఎండుగడ్డీ వచ్చాయి. చదరంగా ఉన్నవాటిలోకి ఊరి చివరి గుట్టా, వాన వెలిసిన రోడ్డూ. ఒక ఫ్రేము మరీ ఇరుగ్గా వస్తే ఓరగా తెరిచి ఉన్న ఒక తలుపు సందు మాత్రం వేసి ఊరుకుంది. నేను తప్పు చేస్తే గానీ నీకు పొద్దు పోదు కదా అని భర్త ఎగతాళి చేసేవాడు. ఆవిడ కూడా తక్కువ తినలేదు. ఇంకాస్త పెద్ద తప్పు చెయ్యండి, గుట్ట మొత్తం పట్టడం లేదు అనేది.

ఏళ్ళు గడిచేకొద్దీ బొమ్మలు మేడ దిగి ఇంట్లోకి వచ్చేశాయి. ఊళ్ళో ఎండ వెయ్యడం అయిపోయిందో ఏమో, ఇంట్లోకి వచ్చే ఎండ మీద పడింది ఆవిడ దృష్టి. వంటింటి గట్టు మీద గ్లాసులో సగం నీళ్ళూ, ఆ నీళ్ళ గుండా గోడ మీద వణికే వెలుతురూ. అప్పుడే తుడిచిన గచ్చు ఆరుతూ ఆరుతూ మెరిసే మెరుపు. మధ్యాహ్నం కునుకు పడితే కలలో కూడా అవే గదులు. గోడలు ఉండవు, సామాను ఉండదు, ఎండ పొడలు మాత్రం తెప్పల్లా మెల్లగా తేలుతూ పోతుంటాయి. లేచాక ఏ గదిలో ఉన్నదీ తెలియడానికి కాస్త సేపు పట్టేది. ఆ కాస్త సేపు ఆవిడకి చాలా ఇష్టం.

ఆ ఇంట్లో ఎండని అంతగా పట్టించుకునే మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ అత్తగారు. పెద్దావిడకి చూపు ఆనదు. ఒక కంటికి ఆపరేషన్ చేశారు గానీ పెద్దగా ఒరిగిందేమీ లేదు. మనుషులు నీడల్లా అలుక్కుపోతారు. చీకటీ వెలుతురూ మాత్రం తేడా తెలుస్తాయి. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి వచ్చిన ఎండ ఎదుటి గోడ మీద మొదలై, నేల మీదికి దిగి, వెనక్కి నడుచుకుంటూ కిటికీ కిందికి చేరి మాయమవుతుంది. ఆవిడ పీట కూడా దాంతో పాటే జరుగుతుంది. కాళ్ళు చాపి ఆ ఎండలో పెట్టుకుని, మధ్యమధ్య పాదాలు రాసుకుంటూ, చిన్నప్పటి సంగతులు తనలో తనే చెప్పుకుని నవ్వుకుంటుంది. ఆవిడ రోజు మొత్తంలో కంటికి కనిపించేది ఆ ఒక్కటే.

చిక్కేమిటంటే కోడలికీ బొమ్మ కోసం అదే ఎండ కావాలి. “అత్తయ్యా, కాస్త పక్కకి జరగండి, మీ నీడ పడుతోంది,” అని రోజుకి ఒకసారైనా అనకుండా ఉండేది కాదు. పెద్దావిడ సణుగుతూనే జరిగేది. ఎండ మీ నాన్న తెచ్చి పెట్టాడేమిటే అని ఒక విసురు విసిరేది. ఇద్దరికీ ముక్కు మీదే కోపం. అది ఎండ కిటికీ దాటే దాకా కూడా నిలిచేది కాదు.

ఇలా ఉండగా తూర్పు పక్క పెంకుటిల్లు కూలగొట్టారు. ఆ స్థలంలో అంతస్తుల భవనం లేస్తోందని తెలిసిన రోజు బొమ్మలక్క గుండె గుభేల్మంది. అత్తగారు ఆ చప్పుళ్ళు విని ఏమిటవి అంటే, ఎక్కడో వీధి చివర ఇల్లు కడుతున్నారని అబద్ధమాడేసింది. ఆడాక నాలుక కరుచుకుంది గానీ, ఉన్నది ఆ ఒక్క వెలుతురూ పోతోందని ఆ మనిషికి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

గోడ వరస మీద వరస లేస్తోంది. మొదట ఎదుటి గోడ మీది ఎండ పోయింది. తర్వాత గది మధ్యలోది. పొద్దున్నే రావలసింది బాగా పొద్దెక్కాక వచ్చి, కిటికీ కిందే కాసేపు నిలబడి పోతోంది. పెద్దావిడ ఉలుకూ పలుకూ లేకుండా పీట కిటికీ దగ్గరికి లాక్కుంటోంది. ఆ ఎండని పోనివ్వకుండా పట్టి ఉంచాలి, ఎలాగైనా సరే, అనుకుంది బొమ్మలక్క. అదీ పలకంత ఫ్రేములో కాదు, దాని అసలు కొలతలో.

సరిగ్గా ఆ వారమే భర్త కొలత తప్పాడు. ఎవరో క్షౌరశాల ఆయన నిలువుటద్దానికి చెప్పిన ఫ్రేమట, జానెడు ఎక్కువ కోశాడట. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి ఎదుటి గోడకి నేల మీదే చేరేశారు. అంత పెద్ద తప్పు ఆయన చేతిలో అంతకుముందెన్నడూ జరగలేదు. ఆవిడ అనుమానంగా చూస్తే ఆయన తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకుని, కాన్వాసు గుడ్డ కూడా మిగిలింది, బిగించమంటావా అన్నాడు.

గది నేలంతా ఆవిడకి కంఠతా వచ్చు. గచ్చు పలకలూ, బల్ల కాలూ, కిటికీ ఊచల నీడలూ చకచకా వచ్చేశాయి. ఎండే రాలేదు. అక్రిలిక్‌తో ఉన్న పేచీ అది. తడిగా ఉన్నప్పుడు ఒక ఛాయ, ఆరాక ఒక పిసరు ముదురు. ఆహా అనుకుని కలిపిన పసుపు, గంట తిరిగేసరికి చద్దిబడిపోయేది. తెలుపు ఎక్కువ వేస్తే సున్నం కొట్టినట్టుండేది. ఎన్నిసార్లు వేసిందో, ఎన్నిసార్లు చెరిపిందో. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక పొద్దున కుంచె విసిరేసి, ఈ ఎండ నాకు లొంగదని పైకే అనేసింది. పెద్దావిడ కిటికీ కిందనుంచి, పొద్దుటిపూటదాన్ని పట్టుకుని ఎండంటావేమిటే అంది. “అది నీరెండ. నీళ్ళు కలిసిన ఎండ. అందుకే మెత్తగా ఉంటుంది.”

మాట ఎప్పుడూ వాడేదే. అందులో నీరుందని మాత్రం బొమ్మలక్క ఎప్పుడూ ఆలోచించలేదు. ఎండ వేసిన మేరా తెల్లగా పూసేసి, ఆరనిచ్చి, పసుపుని చిక్కగా కాక నీళ్ళలా పలచన చేసి ఒక పూత వేసింది. అది ఆరాక ఇంకొకటి. ఆ పైన మరొకటి, కాస్త నారింజ తగిలించి. కింది తెలుపు పైకి కనిపిస్తూనే ఉంది, పసుపు దాని మీద తేలుతోంది. ఆరినా చద్దిబడలేదు. వెనక్కి వచ్చి చూసుకుంటే ఆవిడకి కలలోని గదిలో ఉన్నట్టే అనిపించింది.

ఆఖరి పూత ఆరిన మర్నాడు మబ్బు లేదు, అయినా గదిలోకి ఎండ రాలేదు. ఎంత పొద్దెక్కినా రాలేదు. పక్క గోడ కిటికీని పూర్తిగా మింగేసింది. వీధి తలుపులోంచి వచ్చే మామూలు వెలుతురే ఇక ఆ గదికి దిక్కు. బొమ్మలక్క వంటింట్లో గిన్నెలు కడుగుతూ, పీట లాగిన చప్పుడు విని చెయ్యి ఆపేసింది. అత్తగారు ఎండని వెతుక్కుంటోంది కాబోలు, ఇప్పుడేం చెప్పాలి అనుకుంటూ తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

పెద్దావిడ కిటికీ దగ్గర లేదు. పీట ఎదుటి గోడ దాకా లాక్కెళ్ళి, బొమ్మ ముందు వేసుకుని, రెండు కాళ్ళూ ఎండ పడిన చోటికి చాపుకుని కూర్చుంది. బొటనవేళ్ళు కాన్వాసుకి ఆనుతున్నాయి. షాపుకి బయల్దేరుతున్న భర్త ఏదో అనబోతే, బొమ్మలక్క వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఎన్నాళ్ళనుంచో తన ఎండ నిజంగా ఎండలా ఉందని ఎవరో ఒకరు అనాలని ఆవిడ ఆశ. ఇంతకన్నా గట్టిగా ఎవరంటారు? అయినా ఆవిడకి సంతోషం కలగలేదు.

“అమ్మాయ్, ఇవాళ ఎండ మళ్ళీ ఇటు వచ్చిందే,” అంది అత్తగారు పాదాలు రాసుకుంటూ. “కనిపిస్తోంది గానీ కాళ్ళకి తగలటం లేదు.”

చలి రోజులు కదా అనేస్తే సరిపోయేది. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది కూడా. ఒక అబద్ధం ఆడి ఇన్నాళ్ళు మోసింది, ఇంకొకటి మొయ్యలేననిపించింది. వెళ్ళి పీట పక్కన గొంతుక్కూర్చుంది.

“అత్తయ్యా, అది ఎండ కాదు. నేను వేసిన బొమ్మ. పక్కన గోడ లేచిపోయింది. ఇంక ఎండ రాదు.”

పెద్దావిడ చెయ్యి చాపి కాన్వాసు మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా తడిమింది. ఊచల నీడ దగ్గర ఆగింది. మళ్ళీ వెలుతురులోకి వచ్చింది. కాళ్ళు వెనక్కి తీసేసుకుంటుందేమోనని బొమ్మలక్క చూస్తోంది. కాళ్ళు అక్కడే ఉన్నాయి.

“గోడ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. పోయింది కళ్ళే గానీ చెవులు కాదుగా,” అంది చివరికి. “వేడిదేముంది, నీరెండకి అంతే ఉంటుంది.”

బొమ్మలక్కకి కళ్ళు మసకబారి, గదిలో గోడలూ సామానూ అన్నీ అలుక్కుపోయాయి. ఎదురుగా ఆ పసుపుపచ్చ వెలుతురు ఒక్కటే నిలిచింది. అత్తగారికి రోజూ ఇలాగే కనిపిస్తుంది కాబోలు అనుకుంది.

“కాస్త పక్కకి జరుగు,” అంది అత్తగారు. “నీ నీడ పడుతోంది.”

బొమ్మలక్క పక్కకి జరిగింది.