డాక్టరమ్మ చేతికి సరిపోయే తూటా

2014లో నేను షార్జా ఊరు దాటాక ఎడారి రోడ్డు పక్కన ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా పనిచేస్తున్నాను. ఆర్మరర్ అంటే తుపాకుల బాగోగులు చూసేవాడు. వాటిని విప్పి శుభ్రం చేయడం, అరిగిన స్ప్రింగులు మార్చడం, ఎవరికి ఏ తూటా సరిపోతుందో చెప్పడం మా పని. అంతకుముందు మన సైన్యం వర్క్‌షాపులోనూ నాది ఇదే ఉద్యోగం. పింఛను వచ్చాక జగిత్యాల నుంచి వచ్చి అజ్మాన్‌లో గది తీసుకున్నాను. మా క్లబ్బులో మాలాంటి బయటి దేశాలవాళ్ళు పిస్టల్‌ను గేటు దాటించడానికి లేదు. క్లబ్బు పిస్టల్‌తో క్లబ్బు తూటాలే కాల్చి, అక్కడే అప్పగించి వెళ్ళాలి. అందువల్ల సభ్యుడి చేతికి ఏది అందిందన్న మాట వస్తే జవాబు చెప్పుకోవలసింది నేనే.

స్టీల్ షూటింగ్‌లో గురి కాగితం మీద ఉండదు. నిలబెట్టిన ఉక్కు ప్లేట్లను ఎంత తొందరగా కొడితే అంత మంచి స్కోరు. కొన్ని పోటీల్లో తూటా తగిలి ఠంగుమంటే చాలు. మరికొన్నింట్లో ప్లేటు వెనక్కి పడాలి. పడకపోతే మళ్ళీ కాల్చాలి, ఈలోగా టైమర్ నడుస్తూనే ఉంటుంది.

డాక్టర్ వసుంధరగారిది రాజమండ్రి. యాభై దాటిన మనిషి, షార్జాలో పళ్ళ డాక్టరు. కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ పట్టిన అలవాటుతో మా క్లబ్బులో చేరి, ఏళ్ళ తరబడి పాయింట్ టూ టూ పిస్టల్‌తో ఠంగుమనే ప్లేట్లు కొడుతూ ఉండేవారు. అది చిన్న తూటా, చేతికి దాదాపు ఏమీ తెలియదు. ఆ ఏడాది వేరే క్లబ్బుతో పడే ప్లేట్ల పోటీ ఖాయమైంది. మా జట్టు కెప్టెన్ సయీద్ ఆవిడను ఎంచుకున్నాడు. పాయింట్ టూ టూ ఆ ప్లేట్లను పడెయ్యలేదు కాబట్టి ఆవిడ చేతిలో పాయింట్ ఫార్టీ పెట్టాడు. దాని క్యాలిబర్ పెద్దది, అంటే తూటా లావు, దెబ్బ బలం. ఎక్కడ తగిలినా ప్లేటు పడుతుందని అతని లెక్క.

రెండు వారాలకు ఆవిడ గురి చెడింది. తూటాలన్నీ ప్లేట్ల కిందికి పోతున్నాయి. సయీద్ పిస్టల్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, గురి చూసుకునే సైట్లు సరిచూడమన్నాడు. చూశాను, సైట్లు సరిగానే ఉన్నాయి. మర్నాటి ప్రాక్టీసులో తూటాలు నింపే ఆవిడ మ్యాగజైన్‌లో, ఆవిడకు చెప్పకుండా, ఒక డమ్మీ తూటా కలిపాను. డమ్మీలో మందు ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఊరుకుంటుంది. దాని వంతు వచ్చినప్పుడు పేలుడు లేదు, కానీ పిస్టల్ మూతి మాత్రం నేలవైపు వంగిపోయింది. పేలినప్పుడు పిస్టల్ వెనక్కి కొట్టే దెబ్బ రాకముందే చెయ్యి దానికి భయపడుతోంది.

"చెయ్యి నొస్తుందా మేడం?" అని అడిగాను.

ఆవిడ పిస్టల్ ఖాళీ చేసి కింద పెట్టి, కళ్ళద్దాలు తీశారు. "బొటనవేలు మొదట్లో కీలు అరుగుతోందండి. ఎముకల డాక్టరు చూశాడు. రోజంతా పళ్ళు పీకే చెయ్యి కదా."

"గట్లయితే పాయింట్ టూ టూకే పోండ్రి. పోటీ కోసం చెయ్యి పోగొట్టుకుంటరా? ఆ చెయ్యే కదా మీకు అన్నం పెట్టేది."

"మల్లేశంగారూ, మానేయమని ఇంట్లో ఎలాగూ చెబుతున్నారు. నేను అడిగేది అది కాదండి. ప్లేటు పడాలి, చెయ్యి ఉండాలి. అలాంటిదేమైనా మీ దగ్గరుందా లేదా?"

స్టోరులో ఏ తూటాలున్నాయో చూస్తానని చెప్పి, శుక్రవారం రమ్మన్నాను.

క్యాలిబర్ నైన్ ఎం.ఎం.కు దించడం తేలికైన నిర్ణయమే. తేలాల్సింది లోడ్. లోడ్ అంటే ముందున్న గుండు ఎంత బరువు, వెనక మందు ఎంత అన్నది. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు, ఒక గ్రాముకు పదిహేను గ్రెయిన్లకు పైగా వస్తాయి. స్టోరులో నూట పదిహేను గ్రెయిన్లది, నూట నలభై ఏడుది ఉన్నాయి. తేలిక గుండు వేగంగా పోతుంది, చేతిని చురుగ్గా గుద్దుతుంది. బరువు గుండు నిదానంగా పోతుంది, చేతిని నెట్టినట్టుంటుంది. ప్లేటును పడెయ్యడంలో రెండోది ఏమీ తీసిపోదు. ఇదంతా పుస్తకం మాట. అరిగిన కీలు ఏమంటుందో పుస్తకంలో ఉండదు.

శుక్రవారం ఉక్కు ఫ్రేమున్న బరువైన నైన్ ఎం.ఎం. పిస్టల్ ఇచ్చాను. పిస్టల్ బరువు కూడా దెబ్బను కొంత మింగుతుంది. ఏ మ్యాగజైన్‌లో ఏ తూటా ఉందో చెప్పలేదు. ఆవిడ కాల్చిన ప్రతిసారీ బొటనవేలు ఒకసారి కదిపి చూసుకుని, "ఇది గుచ్చింది," "ఇది ఫరవాలేదు" అన్నారు. ఎన్నిసార్లు తారుమారు చేసినా ఫరవాలేదన్నది నూట నలభై ఏడునే. ఆ రోజు డమ్మీ వచ్చినప్పుడు మూతి చాలా కొద్దిగానే కదిలింది.

"ఒక ఇబ్బంది ఉంది మేడం," అన్నాను. "ఫార్టీ అయితే ప్లేటు కింది అంచుకు తాకినా పడుతది కావచ్చు. ఇది పై సగంల తాకాలె. మీరు జర నిదానం కావాల్సి వస్తది."

"నిదానం నాకు అలవాటేనండి. తొందరపడితే పన్ను విరుగుతుంది."

ప్రాక్టీసుకు కూడా హద్దు పెట్టాను. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఖలాస్, వాదన ఉండకూడదు. ఆవిడ ఒప్పుకున్నారు, మాట మీద నిలబడ్డారు.

పోటీ రోజు ఆవిడ దాదాపు అన్ని ప్లేట్లూ ఒక్కో తూటాతో పడగొట్టారు. చివరి రౌండులో ఒక ప్లేటుకు కింద తగిలింది. అది వెనక్కి ఊగి, మళ్ళీ నిలబడింది. ఆవిడ చలించకుండా మళ్ళీ గురి పెట్టి కాల్చారు, పడింది. కానీ ఆ కాస్త ఆలస్యంతో కప్పు అవతలి జట్టుకు పోయింది.

సయీద్ నా దగ్గరికి వచ్చాడు. "మల్లేశ్ భాయ్, ఫార్టీ హోతా తో గిర్ జాతా" అన్నాడు. ఫార్టీ అయితే పడిపోయేదని అతని బాధ. ఆ ఒక్క ప్లేటు విషయంలో అతను అన్నది నిజమే, అందుకే కాదనలేదు.

వసుంధరగారు చెవుల కప్పులు తీసి మెడలో వేసుకుంటూ, అతనికి హిందీలోనే జవాబు చెప్పారు. "ఆ ప్లేటు పడేదే కెప్టెన్. కానీ ఈ అరిగిన కీలుతో ఫార్టీ కాలుస్తూ నేను దాని దాకా వచ్చేదాన్నే కాదు. తూటా ఎంచుకున్నది నేను. ఆయన్నేమీ అనకండి." సయీద్ ఆవిడ చేతివైపు చూసి, తలూపి వెళ్ళిపోయాడు. నొప్పి సంగతి అతనికి అప్పుడే తెలిసిందనుకుంటాను.

ఆ సీజనంతా ఆవిడ అదే తూటాతో ఆడారు. మరుసటి ఏడాది ఎండలు తగ్గి, కాల్పుల మైదానం మళ్ళీ తెరిచాక, నా కౌంటర్ దగ్గరికి వచ్చి పాయింట్ టూ టూ అడిగారు.

"నొప్పి ఎక్కువైందా మేడం?"

"అంతే ఉందండి. ముందు ముందు పెరిగేదే కదా. పడే ప్లేట్లు చూశాను, చాలు."

"మొదటి రోజే చెప్పిన కదా మేడం," అన్నాను నవ్వుతూ.

"ఆ రోజే మీ మాట విని ఉంటే భయపడి పారిపోయినట్టుండేదండి. ఇప్పుడు నా అంతట నేనే వచ్చాను."

పిస్టల్ తీసి, ఖాళీగా ఉందని ఆవిడకు చూపించి, అందించాను.

ఆ తర్వాత కూడా ఏ క్యాలిబర్ మంచిది, ఏ లోడ్ మంచిదని చాలామంది అడిగారు. కొందరికి జవాబు వాళ్ళు అడగడం పూర్తికాకముందే నాకు తెలిసేది. అయినా వెంటనే చెప్పి ఊరుకోవడం మానేశాను. మనిషి ఆ జవాబు దాకా తన కాళ్ళ మీద నడిచి రావాలి. ఆ దారిలో దెబ్బ తగలకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.