నేతిగిన్నెలో ఎనభై ఎనిమిది చుక్కలు

ఆ రోజుల్లో, ముప్పై నాలుగేళ్ళు వచ్చిన మనిషికి తెలియని విషయమంటూ ఉండదని నా నమ్మకం. ఇప్పుడు అరవై దాటి వెనక్కి చూసుకుంటే, అప్పుడు నాకు గట్టిగా తెలిసినవి తేదీలూ కొలతలూ మాత్రమే. ఏ రోజు ఏం వండానో, ఎన్ని గ్లాసుల బియ్యం పోశానో, ఎంత మిగిలిందో డైరీలో రాసుకునేదాన్ని. (ఎవరు తినకపోవడం వల్ల మిగిలిందో కూడా రాసేదాన్ని. అందుకే ఆ డైరీ బీరువాలో చీరల కింద ఉండేది.) కాబట్టి ఈ సంగతి జరిగింది 1997 కార్తీకమాసం, రెండో ఆదివారం అని ధైర్యంగా చెప్పగలను.

మా అత్తగారి ఊరు అవనిగడ్డ. ఏటా సుబ్రహ్మణ్య షష్ఠికి మోపిదేవి వచ్చే చుట్టాలందరూ దర్శనం చేసుకుని మా ఇంట్లోనే భోంచేసేవారు. ఇరవై ఆరేళ్ళపాటు ఆ వంట అత్తయ్య ఒంటిచేత్తో చేసింది. ఆ ఏడు మోకాళ్ళు సహకరించక, ఇక తన వల్ల కాదంది. ఇద్దరు కోడళ్ళలో ఎవరికి అప్పగిస్తుందో చెప్పలేదు కానీ, షష్ఠికి ముందు, కార్తీకం మొదటి రెండు ఆదివారాలు దగ్గరి చుట్టాల్ని భోజనానికి పిలిచింది. మొదటి ఆదివారం గుడివాడ నుంచి వచ్చిన మా తోడికోడలి చేత వండించింది, రెండోది నాకు వదిలింది. ఇది పరీక్ష అని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. తోడికోడలు దేన్నీ కొలవదు. ఉప్పు పిడికిట్లోకి తీసుకుని, కబుర్లు చెబుతూ ఎటో చూసి వేస్తుంది. అయినా ఆ ఆదివారం ఒక్క మెతుకు మిగల్లేదు. (అదీ రాశాను, కొంచెం చిన్న అక్షరాలతో.)

ఆ గురువారం నాగాయలంక నుంచి మా అక్కగారి ఆయన వచ్చాడు. ఆయనకి రొయ్యల చెరువులుండేవి. రొయ్యలు కొనే కంపెనీ తరఫున వచ్చిన విదేశీ పెద్దమనిషి ఒకాయన అరచేతిలో పట్టేంత సీసా ఒకటి ఇచ్చాడట. దాన్ని నాకు తెచ్చిచ్చాడు. “ట్రఫుల్ నూనెట మరదలా. భూమిలో దొరికేదేదో వేసి తీస్తారంట. దీంతో వండకూడదంట, అంతా అయ్యాక పైన నాలుగు చుక్కలు వెయ్యాలంట. వాళ్ళ దేశంలో గొప్పోళ్ళే తింటారంట,” అన్నాడు. మూత తీసి వాసన చూశాను. బాగుందో లేదో తేలలేదు. ఖరీదైనవాటి వాసన అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను.

అంతా అయ్యాక పైన వేసేది మన ఇళ్ళలో ఏమిటి? నెయ్యి. ముద్దపప్పూ అన్నం వడ్డించాక, అత్తయ్య నేతిగిన్నె పట్టుకుని విస్తరి విస్తరికీ తన చేత్తో ఒక్కో చెంచా వేస్తుంది. ఆ తర్వాతే ఎవరైనా ముద్ద కలిపేది. కనక నూనెని నేతిలో కలిపేస్తే సరి. ఇరవై ఇద్దరు మనుషులు, తలకి నాలుగు, మొత్తం ఎనభై ఎనిమిది చుక్కలు. కంటి మందు వేసుకునే గొట్టాన్ని వేడినీళ్ళలో మరిగించి కడిగి, ఒక్కటీ తప్పకుండా లెక్కపెట్టి వేశాను. చలికి నెయ్యి పేరుకుని ఉందని గిన్నెని సన్నసెగ మీద పెట్టాను.

రెండు నిమిషాలు గడిచాయో లేదో హాల్లోంచి అత్తయ్య, గ్యాసు లీకవుతోంది, పొయ్యి కట్టెయ్యమని కేక వేసింది. మా ఇంటికి గ్యాసు వచ్చి అప్పటికి ఏడాదీ నాలుగు నెలలు. సిలిండరంటే అందరికీ ఇంకా బాంబు కిందే లెక్క. మగవాళ్ళు దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళి తడి గోనెసంచులు కప్పారు. చుట్టాలు విస్తళ్ళ ముందు నుంచి లేచి వీధిలోకి వెళ్ళారు. తోడికోడలు వంటంతా కాలిపోతుందేమోనని గిన్నెలు ఒక్కొక్కటే వరండాలోకి చేరవేసింది, నేతిగిన్నెతో సహా. సిలిండరు పెరట్లో ఉంటే వాసన వరండాలో ఎందుకు వస్తోందో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. నోరు విప్పితే షష్ఠి వంట పోతుంది. విప్పలేదు. వీధి చివర పొయ్యిలు బాగుచేసే అతను వచ్చి, సబ్బునురుగు రాసి చాలాసేపు చూసి, ఒక్క బుడగా రావట్లేదండీ అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ అందరూ కూర్చున్నారు. అత్తయ్య నేతిగిన్నె అందుకుని రెండు విస్తళ్ళలో వేసి, మూడో విస్తరి దగ్గర ఆగింది. చెంచా ముక్కు దగ్గర పెట్టుకుంది.

“గ్యాసు సిలిండర్లో లేదమ్మాయ్. నా చేతిలో ఉంది.”

“తలకి నాలుగు చుక్కలే అత్తయ్యా,” అన్నాను. అంతకన్నా గొప్ప సంజాయిషీ ఉంటుందని నాకు తోచలేదు.

వరసలో ఎవరో దగ్గారు. నవ్వును మింగిన దగ్గు. తోడికోడలు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వేరే నెయ్యి తెచ్చింది. ఆ ఏడు షష్ఠి వంట ఆవిడదే అయింది. నాకు బియ్యం కొలిచే పని ఇచ్చారు.

సీసాని పారెయ్యలేక, పచ్చడి జాడీల వెనక పెట్టి, నూనె ఎంతవరకు ఉందో లేబుల్ మీద పెన్సిల్‌తో గీత గీశాను. ఫాల్గుణంలో చూస్తే నూనె గీతకి బియ్యపుగింజంత కిందికి దిగింది. మూత మీద ఒక మెంతిగింజ పెట్టడం మొదలుపెట్టాను. వరసగా మూడు వారాలు, ఆదివారం ఉదయానికే ఆ గింజ కింద పడి ఉంది. శనివారం సాయంత్రాలు అత్తయ్య అన్నం తినదు, తన ఉప్పుడు పిండి తనే చేసుకుంటుంది.

నాలుగో శనివారం వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ అటు తిరిగి ఉంది, చేతిలో నా కంటి మందు గొట్టం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక్కి తిరక్కుండానే అడిగింది:

“గ్యాసు కట్టేసి ఉందా అమ్మాయ్?”

“కట్టేసే ఉందత్తయ్యా.”

మరుసటి షష్ఠికి వంట ఇద్దరు కోడళ్ళూ కలిసి చెయ్యమంది. డైరీలో ఆ శనివారం పేజీలో తేదీ తప్ప ఏమీ ఉండదు. నేను ఖాళీగా వదిలిన పేజీ అదొక్కటే.

ఇప్పుడు ఆ నూనె పెద్ద కొట్లలో మామూలుగానే దొరుకుతోంది. శనివారాలు నేనూ ఉప్పుడు పిండి మీద నాలుగు చుక్కలు వేసుకుంటాను. వాసన బాగుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. తినబోయే ముందు మాత్రం లేచి, పొయ్యి కట్టేశానో లేదో ఒకసారి చూసుకుంటాను.