దండం పెట్టే చెయ్యి

నల్లగొండలో ఒక ఎరువుల దుకాణం పైఅంతస్తులో నేను బ్రెజీలియన్ జియుజిత్సు నేర్పిస్తాను. మా చుట్టాలు ఇప్పటికీ అది కరాటే అనే అనుకుంటారు, ఇటుకలు పగలగొట్టి చూపించమంటారు. ఇందులో గుద్దులుండవు, తన్నులుండవు. కింద పడి పెనుగులాడి ఎదుటివాడి చెయ్యో మెడో చిక్కించుకోవాలి. వాడు అరచేత్తో రెండుసార్లు తడితే ఓటమి ఒప్పుకున్నట్టు. ఇంత చెప్పాక కూడా "అయితే ఇటుకలెప్పుడు?" అంటారు.

నేను పోటీలకు కూడా వెళ్లేవాణ్ని. వెళ్లిన ప్రతిసారీ మొదటి ఆటలోనే ఓడి ఇంటికొచ్చేవాణ్ని. అయితే ఊరికే ఓడిపోలేదు, శాస్త్రీయంగా ఓడిపోయాను. ప్రతి ఓటమికీ నోట్‌బుక్కులో ఒక పేజీ. కుడిచెయ్యి ఎక్కడుంది, ఎడమకాలు ఎక్కడుంది, ఊపిరి ఎప్పుడు ఆగింది, పొద్దున ఏం తిన్నాను, అన్నీ రాసేవాణ్ని. ఒక పేజీలో నేను గీసిన బాణాలు చూసి మా ఆవిడ "ఏ చెలకల పైపులైన్ ఏస్తున్నవ్?" అని అడిగింది.

పాఠం కూడా అలాగే చెప్పేవాణ్ని. ఉన్నదే ఆరుగురు. అందులో ఒకాయన ట్రాక్టర్ డ్రైవర్, నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. మోచెయ్యి ఎంత వంగాలో ఒకరోజు పావుగంట వివరించాక ఆయన చెయ్యెత్తాడు.

"సారూ, గిన్ని ఇకమతులు చెప్తున్నరు గని, మీరు ఎప్పుడన్న గెలిచిండ్రా?"

కింద దుకాణంలో బస్తా దించిన చప్పుడు కూడా వినబడింది. ఆయన వెటకారానికి అడగలేదు, అందుకే మరీ మండింది. "ఈసారి చూడన్నా" అన్నాను. మరుసటి నెలలో హైదరాబాదులో పోటీ ఉంది. ఆరుగురూ చూడ్డానికి వస్తామన్నారు. ఒక్క ఆటైనా గెలవకపోతే ఇక ఏ మొహం పెట్టుకుని వాళ్లకు పాఠం చెప్పను?

ఆ వారమే ఒక సంగతి గమనించాను. మావాళ్లందరికీ పట్టు ఒకేచోట జారిపోతోంది. వెల్లకిలా పడుకుని, పైనున్నవాడి తుంటికి పాదం ఆనించి, రెండు చేతులా వాడి కాలరు పట్టుకోవాలి. పాదం ఆనగానే చెయ్యి వదిలేస్తున్నారు. వేళ్లలో బలం లేదని రాసుకున్నాను. బియ్యం నింపిన బకెట్లో చేతులు పెట్టి వారం రోజులు పిసికించాను. పట్టు రాలేదు గానీ బియ్యం నూకలయ్యాయి. చివరికి ఫోనులో వీడియో తీసి మెల్లగా తిప్పి చూస్తే తెలిసింది. పాదం తగలగానే ఆ చెయ్యి కాలరు వదిలి, ఎదుటివాణ్ని తాకి, కళ్లకద్దుకుంటోంది. కాలు తగిలితే మొక్కాలని చిన్నప్పుడు నెత్తిన మొట్టి నేర్పిన అలవాటు మరి.

నా పాత పోటీ వీడియో ఒకటి తీసి చూశాను. నేనూ మొక్కుతున్నాను. ఇన్నేళ్లు రాసిన నోట్‌బుక్కులో ఆ సంగతి ఒక్క పేజీలోనూ లేదు.

ఇక వైద్యం మొదలుపెట్టాను.

"అన్నా, నా ఛాతీ మీద కాలు పెట్టు. దండం పెట్టకు."

"సారూ, పాఠం చెప్పెటాయన్ను తంతే నాకు అన్నం పుడ్తదా?"

"తన్నుడు కాదన్నా, ఆనించుడు."

"గట్ల పేరు మారిస్తే పాపం పోతదా?"

చాలాసేపు బేరమాడాం. క్లాసు మొదట్లోనే అందరం ఒకరికొకరం గంపగుత్తగా దండాలు పెట్టేసుకోవాలి, ఆ తర్వాత ఎన్ని కాళ్లు తగిలినా చెల్లు అని ఒప్పందం కుదిరింది. ట్రాక్టరన్న రేపటివి కూడా ఈరోజే పెట్టేసేవాడు. నాకు మాత్రం అది చాలలేదు. ఇంట్లో మా ఆవిడకు కావాలని కాలు తగిలించి, చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చునేవాణ్ని. "ఏమైంది నీకు? జర దవాఖానకు పోదామా?" అంది. నెల తిరిగేసరికి నా చెయ్యి కదలడం మానేసింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

పోటీలో నా ఎదుట నిలబడ్డవాడు పాలమూరు నుంచి వచ్చాడు. నాకంటే కొంచెం చిన్నవాడు, మంచి బలం. మొదటి నిమిషంలోనే పాయింట్లలో వెనకబడ్డాను. మావాళ్లు ఆరుగురూ అరుస్తున్నారు, ట్రాక్టరన్న గొంతు మైకును మించిపోయింది. ఇంతలో అతను వెల్లకిలా పడుకుని నా తుంటికి పాదం ఆనించబోయాడు. అది జారి నా మొహానికి తగిలింది.

అతని కుడిచెయ్యి నా కాలరు వదిలి పైకి లేచింది.

బదులు దండానికి నా చెయ్యి లేవలేదు. అతని కాలు పక్కకు తోసి, గాల్లో ఉన్న ఆ మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యిని రెండు కాళ్ల మధ్య ఇరికించి, మోచెయ్యి విరిగేలా వెనక్కి వాలాను. అతను ఎడమచేత్తో రెండుసార్లు తట్టాడు.

గెలిచాను. రిఫరీ నా చెయ్యి పైకెత్తితే సిగ్గులేకుండా ఏడ్చాను. అతను మోచెయ్యి రుద్దుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆ నొప్పిచెయ్యి కష్టంగా చాపి, నన్ను తాకి, కళ్లకద్దుకున్నాడు.

"మొకానికి కాలు తగిలింది అన్నా, ఏమనుకోకు."

అప్పటిదాకా నా కాళ్లు రెండూ అతని మెడ మీదా ఛాతీ మీదా ఉన్నవే. నాకు తల కొట్టేసినట్టయింది. మొక్కుదామని వంగబోయేసరికి ట్రాక్టరన్న పరుగున వచ్చి, నన్ను అమాంతం భుజానికెత్తుకుని, "మా సారు గెలిచిండు!" అని హాలంతా తిప్పాడు. "దించన్నా, నీకు దండం పెడ్త, దించు" అని మొత్తుకున్నా వినలేదు. ఆయన దించేసరికి ఆ పాలమూరు మనిషి వెళ్లిపోయాడు.